మన పాటను మనమే తీసుకుందాం



పోయినేటి వార్షికోత్సవం రాత్రి భోజనశాల గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద మూడు నిమిషాల పాట ఒకటి వేశాం. మీలో చాలామంది చూశారు. రాసింది, పాడింది, డప్పు కొట్టింది, తీసింది, కత్తిరించి అతికించింది అంతా మన హాస్టలు వాళ్ళే. మేము ఎనిమిది మందిమి. అప్పటికి ఆరుగురం పదో తరగతి, ఇద్దరు తొమ్మిదో తరగతి. ఆ రాత్రి నుంచి "ఎట్ల తీసిన్రన్నా?" అని అడగని తమ్ముడు లేడు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఈ సంచికలో పాఠంలాగా రాస్తున్నాం. మేము చేసిన తప్పులను కూడా దాచడం లేదు. ఎందుకంటే మేము ఎక్కువగా నేర్చుకున్నది వాటి దగ్గరే.

మొదట పరికరాల సంగతి. మా దగ్గర ఏమీ లేవు. ఇక్కడే చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక అన్న రెండు ఆదివారాలు, ఒక శనివారం సాయంత్రం తన ఫోన్ ఇచ్చాడు. తన పాత లాప్‌టాప్‌ను నెల రోజులు ట్యూటర్ సారు గదిలో ఉంచాడు. వార్డెన్ సారు స్టడీ అవర్ అయ్యాక గంటసేపు అనుమతి ఇచ్చారు. స్టాండు బదులు రెండు ట్రంకు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పైన సగం ఇసుక నింపిన బియ్యం సంచి వేశాం. సంచిలో చేత్తో గుంట చేసి ఫోన్‌ను అడ్డంగా కూర్చోబెడితే గాలి వచ్చినా కదలదు. నిలువుగా తీస్తే తెర మీద రెండు పక్కలా నల్లగా మిగిలిపోతుంది. కాబట్టి అడ్డంగానే తీయండి. ఇంకొకటి, తీసే ముందు ప్రతిసారీ కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. మా మొదటి ఆదివారం షాట్లు సగం మసకగా రావడానికి కారణం పొద్దున తిన్న ఉప్మా చేతుల జిడ్డే.

పాట విషయంలో మాలో మొదట పోట్లాట జరిగింది. సినిమా పాటకు పెదవులు కదిపి తీద్దామని కొందరు, సొంత పాటే కావాలని కొందరు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాటలోని సాహిత్యానికి ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డు చేసిన శబ్దానికి మరో హక్కు ఉంటాయి. రేపు ఎప్పుడైనా మన వీడియోను నలుగురికీ పంచుకోవాలంటే ఆ మూడూ అడ్డం వస్తాయి. సొంత పాటైతే మూడూ మనవే. పైగా మా తొమ్మిదో తరగతి వాడు డప్పు బాగా కొడతాడు. ఊళ్ళో చావులకు కొట్టేది కదా అని ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనని వాడు మొదట వెనకాడాడు. డప్పు లేకపోతే పాటే లేదని మేము పట్టుబట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పాటలో అందరికీ గుర్తున్నది డప్పే.

ఇక లెక్కల్లోకి వద్దాం. భయపడకండి, ఆరో తరగతి భాగహారం చాలు.

వీడియో అంటే వరసగా కదిలే ఫోటోలు. ఒక్కో ఫోటోను ఫ్రేమ్ అంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. పాటకు లయ ఉంటుంది. మా పాట నిమిషానికి 96 దెబ్బలు. 60ని 96తో భాగిస్తే ఒక్కో దెబ్బకు 0.625 సెకను. దాన్ని 24తో గుణిస్తే సరిగ్గా 15 ఫ్రేములు. అంటే ప్రతి 15 ఫ్రేములకు ఒక దెబ్బ, నాలుగు దెబ్బలకు 60 ఫ్రేములు, రెండున్నర సెకన్లు. ఈ నాలుగు దెబ్బలను మేము ఒక 'గడి' అన్నాం. మూడు నిమిషాల పాటలో 72 గడులు. లెక్కల నోటుపుస్తకంలో 72 గీతలు గీసి, ఏ గడిలో ఏ మాట పడుతుందో, అక్కడ ఏ షాట్ కావాలో ఎదురుగా రాసుకున్నాం. మా సినిమా స్క్రిప్టు అదే. మీ ఫోన్‌లో 24 లేకపోతే 30 పెట్టుకుని లయను నిమిషానికి 100 దెబ్బలు చేసుకోండి. దెబ్బకు 18 ఫ్రేములు వస్తాయి. భిన్నాలు రాకుండా చూసుకుంటే ఎడిటింగ్‌లో సగం తలనొప్పి తగ్గుతుంది.

లయ తప్పకుండా ఉండటానికి మెట్రోనోమ్ అనే యాప్ ఉంది, టక్ టక్ అని సమానంగా కొడుతుంది. దాన్ని 96 మీద పెట్టి డప్పు వాడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాం. ముందు డప్పు ఒక్కటే రికార్డు చేసి, తర్వాత దాన్ని వింటూ పాట పాడించాం. డప్పును కొట్టబోయే ముందు మంట దగ్గర కాచాలి. చర్మం బిగిస్తేనే మోత ఖంగుమంటుంది, చల్లారితే మళ్ళీ కాచాలి. ఈ మంట సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

రికార్డింగ్‌లో మేము చేసిన తప్పు ఫోన్‌ను డప్పుకు మూరెడు దూరంలో పెట్టడం. శబ్దం ఎక్కువై గరగరమంది. మైకు పట్టగలిగిన దానికన్నా శబ్దం పెద్దదైతే పైభాగం తెగిపోతుంది. అలా తెగినది తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా తిరిగి రాదు. పది అడుగుల దూరం పెడితే సరిపోయింది. గదిలో ప్రతిధ్వని తగ్గడానికి కిటికీలకు, రెండు గోడలకు దుప్పట్లు వేలాడదీశాం. స్టోర్ రూములో బియ్యం బస్తాల మధ్య పాడినప్పుడు గొంతు అన్నిటికన్నా శుభ్రంగా వచ్చింది. బస్తాలు శబ్దాన్ని మింగేస్తాయి.

పాట ముందు రికార్డు చేసుకుని, తీసేటప్పుడు దాన్ని వినిపిస్తూ పెదవులు కదపడాన్ని ప్లేబ్యాక్ అంటారని మీకు తెలుసు. హిందీ సినిమాల్లో ఈ పద్ధతి 1935లో నితిన్ బోస్ తీసిన 'ధూప్ ఛావ్' నుంచి ఉంది. అంతకుముందు నటులే కెమెరా ముందు పాడాల్సి వచ్చేది. మనం చేసేదీ అదే పని, స్పీకరు చిన్నది అంతే. ఇందులో మూడు జాగ్రత్తలు చెప్తాం. పాటకు ముందు నాలుగు 'టక్'లు చేర్చండి, పాడేవాడికి ఎక్కడ ఎత్తుకోవాలో తెలుస్తుంది. ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన ఫ్రేము, చప్పుడు వినిపించిన చోటు, రెండూ కలిపితే మాటకు పెదవి కుదురుతుంది. మూడోది, పెదవులు మాత్రమే ఆడించవద్దు, నిజంగా గొంతెత్తి పాడాలి. ఊరికే పెదవులు ఆడిస్తే మెడ నరాలు కదలవు, చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

చెరువు కట్ట మీద దూరం షాట్ తీసినప్పుడు ఒక వింత జరిగింది. ఎడిటింగ్‌లో శబ్దాన్ని శబ్దంతో సరిగ్గా కలిపినా పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది. రెండు రాత్రులు తలలు పట్టుకున్నాం. చివరికి భౌతికశాస్త్రం పాఠం గుర్తొచ్చింది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకరు పాడేవాడి కాళ్ళ దగ్గర ఉంది, ఫోన్ దాదాపు 34 మీటర్ల దూరాన ఉంది. వాడు వినగానే పాడాడు. ఆ శబ్దం ఫోన్‌ను చేరేసరికి పదో వంతు సెకను, అంటే రెండు ఫ్రేముల పైన ఆలస్యం. వెలుతురుకు అలాంటి ఆలస్యం లేదు. బొమ్మను రెండు ఫ్రేములు వెనక్కి జరిపితే కుదిరింది. పరీక్షలో ఈ లెక్క వచ్చి ఉంటే మా ఎనిమిది మందికీ పూర్తి మార్కులు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ముఖాలు.

మొదటి ఆదివారం పదకొండు గంటలప్పుడు హాస్టలు ముందు గోడ దగ్గర పల్లవి తీశాం. సున్నం వేసిన తెల్లగోడ, ఎర్రటి ఎండ. చూసుకుంటే గోడ తళతళా మెరుస్తోంది, మా ముఖాలు మాత్రం నల్లటి మచ్చల్లా ఉన్నాయి. కళ్ళు లేవు, పళ్ళు మాత్రం ఉన్నాయి. మాలో ఒకడు "మనం గింతే కదా, నల్లగుంటే నల్లగనే వస్తం" అని నవ్వేశాడు. అందరం నవ్వాం గానీ ఆ పూట ఎవరికీ మళ్ళీ తీయాలనిపించలేదు.

సాయంత్రం ఫోన్ ఇచ్చిన అన్న వచ్చి చూసి, తప్పు మాది కాదు, కెమెరా కొలతది అన్నాడు. కెమెరాకు మనిషి తెలియడు. తన ముందున్నదంతా కలిపితే తెలుపుకూ నలుపుకూ నడుమనున్న బూడిదరంగు వస్తుందని అనుకుని వెలుతురు కొలుస్తుంది. వెనక పెద్ద తెల్లగోడ ఉంటే 'వెలుతురు ఎక్కువైంది' అని మొత్తాన్ని తగ్గిస్తుంది. గోడ బూడిదరంగు వైపు పోతుంది, దానితో పాటు ముఖాలు చీకట్లోకి పోతాయి. ఎర్రగా ఉన్నవాడు ఆ గోడ ముందు నిలబడితే కొంత నష్టం, మనం నిలబడితే ఎక్కువ నష్టం. అంతే తేడా.

ఆ అన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఫిల్ము రోజుల్లో కోడక్ కంపెనీ ఫోటోలు కడిగే ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం బాగా వస్తే ల్యాబు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లని మనుషుల ముఖాలు ఎలా వస్తున్నాయన్నది చాలా ఏళ్ళ పాటు ఆ లెక్కలోనే లేదు. 1990లలో గానీ వేర్వేరు చర్మపు రంగుల మనుషులున్న కార్డులు రాలేదు. ఈ సంగతి విన్నాక పొద్దున నవ్వినవాడు కాసేపు మాట్లాడలేదు.

మర్నాటి వారం మేము చేసిన మార్పులు ఇవి. తెల్లగోడ వదిలేసి వేపచెట్టు నీడకు, వెనకవైపు పాత ఇటుక గోడకు మారాం. ఫోన్ తెర మీద పాడేవాడి ముఖంపై వేలు పెట్టి, వెలుతురు పెంచి, అక్కడే బిగించేశాం. దాన్ని ఎక్స్‌పోజర్ లాక్ అంటారు. ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో ఈ సౌకర్యం ఉంది. ఇక మనిషి కదిలినా, మేఘం వచ్చినా కెమెరా తనంతట తాను మార్చదు. సమయం పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కనుబొమ్మల నీడ కళ్ళ మీద పడుతుంది, అప్పుడు అన్నం తిని పడుకోవడం మేలు.

అప్పటికీ ముఖం మీద ఇంకొంచెం వెలుగు కావాలి. దానికి హాస్టలు తెల్లదుప్పటే సరిపోయింది. ఇద్దరు దుప్పటిని చెరో కొస పట్టుకుని ఎండ పడే చోట నిలబడి, ఆ వెలుగును నీడలో ఉన్నవాడి మీదికి తిప్పారు. మెత్తటి వెలుగు, కళ్ళలో చిన్న మెరుపు. సైన్స్ ఫేర్‌కు తెచ్చిన థర్మోకోల్ షీటు కూడా బాగానే పనిచేసింది. ఇదేదో పేదవాళ్ళ ఉపాయం అనుకోకండి. 1956లో సత్యజిత్ రాయ్ 'అపరాజితో' తీసినప్పుడు కెమెరామన్ సుబ్రత మిత్ర స్టూడియోలో వేసిన కాశీ ఇంటి ముంగిలి సెట్టు పైన తెల్లటి గుడ్డ పరిచి, దీపాల వెలుగును దానికి కొట్టించి కిందికి రప్పించాడు. ముంగిట్లోకి ఆకాశం నుంచి వచ్చే వెలుతురు లాగే కనిపించింది. ఆయన గుడ్డ, మా దుప్పటి ఒకే జాతి.

స్టడీ హాలులో రాత్రి తీసిన షాట్లలో నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ వేగాన్ని యాభయ్యో వంతు గానీ వందో వంతు గానీ పెడితే పట్టీలు పోతాయి.

దిక్కుల విషయంలో ఒక్క మాట. బడికి పోయే వరసను రోడ్డుకు ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి తీశాం. కలిపి చూస్తే పిల్లలు బడికి బయలుదేరి, మధ్యలో ఏదో మరిచిపోయి హాస్టలుకు తిరిగొస్తున్నట్టు ఉంది! ఎడమ నుంచి కుడికి నడిచేవాళ్ళు పాట అంతా అటే నడవాలి. మనుషుల మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒక పక్కనే ఉండాలి.

చెరువు కట్ట మీద కొంచెం కలలాంటి నడక కావాలని ఒక చిట్కా వాడాం. పాటను ఒకటింపావు వేగంతో వినిపించి, సెకనుకు 30 ఫ్రేములతో తీసి, ఎడిటింగ్‌లో 24తో నడిపించాం. 30ని 24తో భాగిస్తే ఒకటింపావే. కాబట్టి పెదవులు మామూలు పాటకు కుదిరాయి, నడక మాత్రం కొద్దిగా నెమ్మదించింది. వేగంగా పాడటానికి మావాడు నాలుగుసార్లు తడబడి, ఐదోసారికి సాధించాడు.

ఇక ఎడిటింగ్. మా దగ్గర మొత్తం గంటన్నర వీడియో చేరింది. నిమిషానికి సుమారు 130 ఎం.బి. చొప్పున 12 జి.బి. దాకా వచ్చింది. ముందు దాన్నంతా రెండు చోట్ల కాపీ చేసుకోండి, తర్వాతే ఫోన్‌లో తీసేయండి. ఫోన్లు ఫ్రేముల సంఖ్యను కచ్చితంగా 24 దగ్గర ఉంచవు, ఒకసారి కొంచెం ఎక్కువ, ఒకసారి కొంచెం తక్కువ తీస్తాయి. అందుకే పాట మొదట్లో కుదిరిన పెదవి చివరికి జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్లిప్పులన్నిటినీ స్థిరమైన ఫ్రేముల్లోకి మార్చుకుని, షాట్‌కట్‌లో ఎడిట్ చేశాం. అదీ ఉచితమే, పాత లాప్‌టాప్ మీద కూడా నెమ్మదిగా నడిచింది.

పాడేవాడిని పాట మొదటి నుంచి చివరి దాకా మూడు చోట్ల పూర్తిగా తీసి పెట్టుకోవడం మేము చేసిన మంచి పని. దాన్ని కింద పరుచుకుని, మిగతా షాట్లను పైన అవసరమైన చోట అతికించాం. ఎక్కడ ఖాళీ వచ్చినా కింద పాడేవాడు ఉంటాడు.

మొదటి ప్రయత్నంలో ప్రతి దెబ్బకూ ఒక కట్ వేశాం. 15 ఫ్రేములకు ఒక బొమ్మ. చూసిన వంట అక్క "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా" అంది. రెండోసారి గడికి ఒకటి అనుకున్నాం, అది గడియారంలా తయారైంది. చివరికి తెలిసిందేమంటే, కొన్ని గడులు కదలకుండా వదిలేయాలి, డప్పు ఉధృతమైన చోట దెబ్బకొకటి వేయాలి. పని మధ్యలో కట్ చేస్తే అతుకు కనిపించదు. ప్లేటు కడగడానికి వంగేటప్పుడు దూరం షాట్, చెయ్యి నీళ్ళలో పడేటప్పుడు దగ్గరి షాట్. చివరి లెక్కకు 61 కట్లు మిగిలాయి.

మా వాళ్ళలో ఒకరు ఒక రాత్రి ముఖాలు తెల్లబరిచే ఫిల్టర్ వేసి తెచ్చారు. అందరం పౌడరు డబ్బాలో పడి లేచినట్టున్నాం. వేపచెట్టు కింద దుప్పటి పట్టుకుని చేతులు లాగేలా నిలబడింది దీనికోసమా అనిపించింది. తీసేశాం. దీని మీద పెద్ద చర్చ కూడా జరగలేదు.

చర్చ జరిగింది వేరే షాట్ మీద. రెండో చరణంలో ఇల్లు వదిలి వచ్చిన మాట వస్తుంది. అక్కడ కొత్తగా చేరిన ఆరో తరగతి తమ్ముడు ఒకడు కళ్ళు నులుముకుంటున్న షాట్ పెట్టాం. దాని ముందు వెళ్ళిపోతున్న బస్సు. రెండూ కలిపి చూస్తే గుండె పట్టేసేది. చూసిన వాళ్ళందరూ ఇదే గొప్ప షాట్ అన్నారు. అసలు సంగతి, ఆ బస్సు వేరే ఆదివారం తీసింది, అందులో వాడి వాళ్ళెవరూ లేరు. వాడు కళ్ళు నులిమింది డప్పు కాచిన మంట పొగకు.

రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు సుమారు వందేళ్ళ కిందట ఇలాంటి ప్రయోగమే చేశాడు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్ళకు అతని ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. ముఖం మాత్రం ఒకటే. ఎడిటింగ్ బలమంతా అక్కడే ఉంది. మేము తెలియకుండానే దాన్ని ఒక పదకొండేళ్ళ పిల్లవాడి మీద వాడాం.

వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు వాడు లాప్‌టాప్‌లో అది చూశాడు. "నేనెప్పుడు ఏడ్సిన? పొగ కండ్లల్ల పడ్డది" అన్నాడు. తీసిన షాట్ బాగుందిరా అని బుజ్జగించాం. వాడు వినలేదు. "మా అమ్మ వస్తది ఆ రోజు. ఇది చూస్తే మళ్ళ ఇక్కడ ఉంచది. పెట్టె సర్దుకోమంటది" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో బడి ఐదో తరగతి దాకే ఉంది. మేము అంతదూరం ఆలోచించలేదు.

అప్పటికైనా వెంటనే తీసేశామా అంటే, లేదు. ఎనిమిది మందిమి ఓటు పెట్టుకున్నాం. ఉంచాలని ఐదుగురు, తీసేయాలని ముగ్గురు. ఉంచుదామన్న ఐదుగురిలో ఈ వ్యాసం రాస్తున్నవాళ్ళం కూడా ఉన్నాం. ముఖం వాడిదైతే ఓటు మాదేమిటని ఆ రాత్రి డప్పు వాడు అడిగాడు. డప్పు పట్టుకుని బడి ముందు నిలబడటానికి తనకెంత కష్టమైందో, మేము తనను అడిగి, ఒప్పించి, అప్పుడే తీశామని, ఈ పిల్లవాడిని మాత్రం అడగలేదని గుర్తుచేశాడు. జవాబు చెప్పలేకపోయాం. షాట్ తీసేశాం. బస్సును కూడా తీసేశాం, అది వట్టి అబద్ధం కాబట్టి.

రెండు గడులు, ఐదు సెకన్లు ఖాళీ వచ్చింది. నీకేం పెట్టాలో నువ్వే చెప్పరా అని వాడినే అడిగాం. వాడు ట్రంకు పెట్టె మీద తన పేరు రాసుకుంటానన్నాడు. స్టోర్ నుంచి తెల్లరంగు, చిన్న కుంచె తెచ్చి ఇచ్చాం. మొదటి అక్షరాలు చాలా పెద్దగా రాసేసరికి చివరి అక్షరానికి చోటు చాలక, అది పెట్టె మూల తిరిగి పక్క రేకు మీదికి పోయింది. వాడే తల ఎత్తి చూసి నవ్వాడు. ఒకే టేక్. దుప్పటి వెలుగు సరిగ్గా ముఖం మీద ఉంది. తర్వాత మిగిలిన ముఖాల వాళ్ళందరికీ, వంట అక్కకు, కామాటికి, వాచ్‌మన్ తాతకు లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి చూపించాం. తాత తన చినిగిన బనియన్ షాట్ వద్దన్నాడు, చొక్కా తొడుక్కొచ్చి మళ్ళీ తీయించుకున్నాడు. ఇంటర్నెట్‌లో పెట్టలేదు. చిన్నపిల్లల ముఖాలు ఉన్నాయి కాబట్టి పెట్టవద్దని వార్డెన్ సారు అన్నారు, మాకూ సరే అనిపించింది.

పాట వేసిన రాత్రి వాడి తల్లి ముందు వరసలో చాప మీద కూర్చుంది. పెట్టె షాట్ వచ్చినప్పుడు భోజనశాల అంతా వాడి పేరు పెట్టి అరిచింది. ఆమె పక్కకు తిరిగి కొడుకును అడిగిన మాట వెనక కూర్చున్న మాకు వినపడింది. "ఆ తాళం నేను కొన్నది కాదు గదరా, అదేమైంది?" వాడు అసలు తాళాన్ని చేరిన వారానికే పోగొట్టుకున్నాడు.

మా పాట ఫైళ్ళన్నీ, కట్ చేసి పక్కన పెట్టిన క్లిప్పులతో సహా, ఒక పెన్‌డ్రైవ్‌లో ట్యూటర్ సారు దగ్గర ఉన్నాయి. ఆ పొగ షాట్, బస్సు షాట్ మాత్రం అందులో ఉండవు. గడుల నోటుపుస్తకం కూడా అక్కడే ఉంది. వచ్చే ఏడాది తీయాలనుకునే తమ్ముళ్ళు దసరా సెలవుల కంటే ముందే పాట రాసుకుని సారును అడగండి. వేపచెట్టు నీడ చలికాలంలో సాయంత్రం ఐదింటికే పోతుంది, దాన్ని లెక్కలో వేసుకోండి.